గంతల కింది సందు

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. వేసవి సెలవుల్లో రెండు రోజుల ‘మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్’ శిబిరంలో చేర్పించాం. 18 వేలు కట్టాం. ఇప్పుడు కళ్లకు గంతలు కట్టుకుని రంగులు చెబుతున్నాడు, పేపర్లో హెడ్డింగులు చదువుతున్నాడు. నా కళ్లతో నేనే చూశాను. రెండో స్థాయికి 35 వేలు అడుగుతున్నారు. మా బావమరిది ఇదంతా మోసం అంటాడు. శిక్షణ ఇచ్చినాయన మాత్రం ‘అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ, సీఐఏ దీన్ని నిరూపించాయి, మన ఆంధ్రా యూనివర్సిటీలో దీనికోసం ఏకంగా డిపార్ట్‌మెంటే పెట్టారు’ అంటున్నారు. ఇంకో చిక్కు. మా అత్తగారి గొలుసు కనబడక నెల అయింది. ‘మూడో కన్ను తెరుచుకుందిగా, ఎవరు తీశారో చూసి చెప్పరా’ అని వాణ్ని పోరు పెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చివరి సంగతే ముందు చెప్పాలి, ఆలస్యమైతే నష్టం అక్కడే. గొలుసు గురించి బాబును ఒక్క మాట కూడా అడగనివ్వకండి. మన ఊళ్లలో అంజనం వేయడం అని ఒకటుండేది. తమలపాకు మీదో, బొటనవేలి గోటి మీదో కాటుక రాసి, చిన్నపిల్లాణ్ని దానిలోకి చూడమని, దొంగ ఎలా ఉన్నాడో చెప్పించేవారు. పిల్లాడు పెద్దల మొహాలు చూసి, వాళ్లు అప్పటికే ఎవరిని అనుమానిస్తున్నారో ఆ పోలికే చెప్పేవాడు. మీ ఇంట్లో అదే జరిగితే పేరు పడేది పనిమనిషి మీదో, పక్కింటి కుర్రాడి మీదో. పదకొండేళ్ల పిల్లాడు ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోలేడు. అత్తగారితో ‘పిల్లాడికి పరీక్ష పెడుతున్నాం, అది అయ్యేదాకా ఆగండి’ అనండి. ఆవిడను నొప్పించకుండా ఆపడానికి ఆ మాట చాలు.

ఇక అసలు విషయం. మీరు చూసింది నిజం. మీ బాబు చదివిందీ నిజం. తేలాల్సింది ఒక్కటే: ఆ అక్షరాలు ఏ దారిన వాడి మెదడుకు చేరుతున్నాయి? దానికి ముప్ఫై అయిదు వేలు అక్కర్లేదు. ఈ రాత్రి బాబు నిద్రపోయాక వాళ్లిచ్చిన ఆ గంతలే మీరు కట్టుకోండి. ట్యూబ్‌లైటు కింద కుర్చీలో కూర్చుని, ఒళ్లో వారపత్రిక పెట్టుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి, ముక్కు పక్కనుంచి కిందికి చూడండి. ముక్కుదూలం ఎత్తుగా ఉంటుంది, బుగ్గ పల్లంగా ఉంటుంది. ఈ రెంటి మధ్య గుడ్డ ఎప్పుడూ పూర్తిగా ఆనదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు మిగిలినా ఒళ్లో ఉన్న పేజీ మొత్తం కనబడుతుంది, ఎందుకంటే సందు కంటికి ఆనుకుని ఉంది, పేజీ దూరంగా ఉంది. తలుపు కన్నానికి కన్ను ఆనిస్తే గదంతా కనబడినట్టే. అందులో కనుబొమలు రెండు మూడు సార్లు ఎగరేస్తే కట్టు ఇంకాస్త పైకి జరుగుతుంది. కళ్లు గట్టిగా మూసుకున్నప్పుడు బిగించి కట్టించుకుని, తర్వాత కళ్లు సడలిస్తే సందు దానంతటదే పుడుతుంది. దాగుడుమూతల్లో కళ్లు మూసిన వేళ్ల మధ్యనుంచి తొంగిచూడని పిల్లలు ఎంతమంది? గారడీవాళ్లకు ఇది పాత విద్య. కాశ్మీర్‌లో పుట్టిన ఖుదా బక్ష్ 1930ల్లో కళ్ల మీద పిండి ముద్దలు పెట్టించుకుని, దాని మీద దూది, ఆ పైన చుట్లు చుట్లుగా గుడ్డలు కట్టించుకుని కూడా ఇంగ్లండులో, అమెరికాలో చదివి చూపించాడు. కట్టు మందంగా ఉంటే ముక్కు పక్కన సందు పోతుందని లేదు. చూసేవాళ్ల అనుమానం మాత్రం పోతుంది.

మీరు కట్టుకుని చూశాక మర్నాడు బాబు చదివేటప్పుడు మూడు సంగతులు గమనించండి. పేపరును ఎక్కడ పట్టుకుంటున్నాడు? దాదాపు అందరు పిల్లలూ ఛాతీకి కిందే పట్టుకుంటారు, లేదా ‘వాసన చూస్తున్నాను’ అంటూ ముక్కు దగ్గరికి తెస్తారు. మూడో కన్ను నుదుటి మీద ఉంటే కాగితం నుదుటి ఎదురుగా ఉంచితే ఇంకా బాగా కనబడాలి కదా. అక్కడ పెట్టి చూడండి. రెండోది, తల ఎటు వాలుతోంది? మూడోది, పెద్ద హెడ్డింగు చదివినవాడు చిన్న అక్షరాల దగ్గర ఎందుకు తడబడుతున్నాడు? సన్నని సందులోంచి చూసే కంటికి చిన్న అక్షరం కష్టం. శక్తికి అక్షరం సైజుతో ఏం పని?

ఆ తర్వాత చాట తెచ్చుకోండి. వంటింట్లో బియ్యం చెరిగే చాటే. బాబు గంతలు కట్టుకున్నాక చాటను గడ్డం కింద మెడకు ఆనించి అడ్డంగా పట్టండి. కాగితాన్ని చాట కింద వాడి చేతుల్లో పెట్టండి. గంతలు తాకలేదు, ఊపిరికి అడ్డం లేదు, నొప్పి లేదు. వెలుతురూ ముందున్నంతే ఉంది. కళ్లు నిజంగా మూసుకునే ఉంటే చాట ఉన్నా లేకున్నా ఒకటే అవ్వాలి. చాట పెట్టగానే చదవడం ఆగితే, ఆగినది చూపు.

ఇది కొత్త కిటుకు కాదు. 1960ల మొదట్లో సోవియట్ యూనియన్‌లో రోజా కులెషోవా అనే యువతి కళ్లకు గంతలతో వేళ్లతో చదువుతోందని ప్రపంచమంతా మోగిపోయింది. చర్మానికి చూపు ఉందని శాస్త్రవేత్తలు వ్యాసాలు కూడా రాశారు. 1966లో మార్టిన్ గార్డ్‌నర్ అనే అమెరికా సైన్స్ రచయిత ‘సైన్స్’ పత్రికలో దానికి సమాధానం రాస్తూ, ముక్కు పక్కనుంచి చూడటం ఎంత తేలికో, గంతలతో ఆ దారి మూయడం ఎంత కష్టమో వివరించాడు. గంతలు మానేసి, తల మొత్తాన్ని కప్పి భుజాల మీద ఆనే అల్యూమినియం పెట్టె వాడమన్నాడు. మన చాట ఆ పెట్టెకు పేదింటి చెల్లెలు.

ఇప్పుడు మీ శిక్షకుడు చెప్పిన మూడు పేర్లకు వద్దాం. ఆయన పూర్తిగా అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పాడు. మిగతా సగం తెలిస్తే మీకు పరీక్ష ఎలా పెట్టాలో కూడా తెలుస్తుంది.

డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ 1930ల నుంచి అతీంద్రియ శక్తి మీద ప్రయోగాలు చేసిన మాట వాస్తవం. ఆయన సహోద్యోగి కార్ల్ జెనర్ తయారుచేసిన కార్డులు వాడారు: వృత్తం, కూడిక గుర్తు, మూడు అలల గీతలు, చతురస్రం, నక్షత్రం. ఒక్కోటి అయిదు చొప్పున మొత్తం 25. ఊరికే ఊహిస్తే సగటున 5 సరిపోతాయి. 1933-34లో హ్యూబర్ట్ పియర్స్ అనే విద్యార్థి ఒక భవనంలో కూర్చుని మరో భవనంలోని కార్డులు చెప్పిన ప్రయోగంలో 1,850 ఊహలకు 558 సరిపోయాయి. యాదృచ్ఛికంగా అయితే 370 రావాలి. ఇక్కడిదాకా విన్నవాళ్లు నిరూపణ అయిపోయిందనే అనుకుంటారు. తర్వాత ఏం జరిగిందంటే, తొలినాటి కార్డులు కొన్నింటిలో అచ్చు బొమ్మ వెనకవైపుకు ఆనవాలుగా కనబడుతోందని తేలింది. పియర్స్ ప్రయోగంలో ఆ విద్యార్థి తన గదిలోనే ఉన్నాడని చూడటానికి ఎవరూ లేరని, లేచి వెళ్లి తొంగిచూసే వీలు ఉందని హాన్సెల్ అనే మనస్తత్వవేత్త ఎత్తిచూపాడు. తొంగిచూశాడని ఎవరూ రుజువు చేయలేదు. కానీ చూడలేదని రుజువయ్యేలా ప్రయోగం కట్టలేదు. ఇలాంటి పరిశోధనలో ఆ రెండో మాటే ముఖ్యం.

1974లో రైన్ సొంత సంస్థలోనే పెద్ద దెబ్బ తగిలింది. రైన్ తన వారసుడిగా అనుకున్న వాల్టర్ లెవీ ఎలుకలతో చేస్తున్న ప్రయోగంలో యంత్రంతో చేతివాటం చూపుతున్నాడని తోటివాళ్లకు అనుమానం వచ్చింది. వాళ్లు ఆయనకు తెలియకుండా ఇంకో వైరు లాగి రెండో లెక్క నమోదు చేశారు. ఆయన చూపిన లెక్కలో శక్తి ఉంది, రెండో లెక్కలో ఏమీ లేదు. లెవీ ఒప్పుకుని వెళ్లిపోయాడు. రైన్ ఆ విషయాన్ని దాచకుండా తానే ప్రచురించాడు. ఆ మనిషి మీద గౌరవం పెరిగేది ఇక్కడే. ఇంగ్లండులో శామ్యూల్ సోల్ 1940ల్లో చేసిన ప్రయోగాలు ముప్ఫై ఏళ్లకు పైగా ‘తిరుగులేనివి’గా నిలిచాయి. 1978లో బెట్టీ మార్క్‌విక్ ఆ అంకెల పట్టికలను కంప్యూటర్‌తో పోల్చి చూస్తే, మధ్యమధ్యలో చొప్పించిన అంకెలు బయటపడ్డాయి, అవి ఎక్కువగా ‘సరిపోయిన’ చోట్లే ఉన్నాయి.

అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మాట: 1972లో కాలిఫోర్నియాలో మొదలై పేర్లు మార్చుకుంటూ రెండు దశాబ్దాలకు పైగా నడిచిన కార్యక్రమం అది. దూరంగా ఉన్న చోటును మనసుతో చూసి చెప్పించడం దాని పని. సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారు. 1995లో బయటి నిపుణులతో మదింపు చేయిస్తే, అంకెల్లో ఏదో ఉందని గణాంక నిపుణురాలు జెస్సికా అట్స్, లేదని మనస్తత్వవేత్త రే హైమన్ విభేదించారు. గూఢచర్యానికి మాత్రం అది ఎన్నడూ పనికిరాలేదని తేలి, మూసేశారు. మూసేసిన దుకాణాన్ని నిరూపణగా చూపడం మీ శిక్షకుడి గడుసుతనం.

ఆంధ్రా యూనివర్సిటీ సంగతి మన ఇంటి సంగతి కాబట్టి కాస్త నిదానంగా చెప్పాలి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు గారు 1960ల్లో వాల్తేరులో మనస్తత్వశాస్త్రం, పరామనోవిజ్ఞానం (అతీంద్రియ శక్తుల అధ్యయనం) కలిపి శాఖ నెలకొల్పారు. తర్వాత అమెరికాలో రైన్ సంస్థకు నాయకత్వం వహించారు, 1980ల్లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి శక్తులు ఉన్నాయనే ఆయన నమ్మారు. ఆ నమ్మకంతో మనం విభేదించవచ్చు. కానీ ఆ తరం వాళ్లు పనిచేసిన పద్ధతి చూడండి: కార్డులు కలిపేవాడు వేరు, నమోదు చేసేవాడు వేరు, ముందే నిర్ణయించిన సంఖ్యలో ప్రయత్నాలు, చివర్లో గణాంకాలు. ఫలితం వచ్చినా అది చాలావరకు కొద్దిపాటి తేడాయే. ఒక విశ్వవిద్యాలయం ఒక ప్రశ్నను పరిశోధించింది అంటే జవాబు ‘అవును’ అని కాదు. క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఉంది కాబట్టి క్యాన్సర్‌కు మందు దొరికిపోయిందని ఎవరైనా అంటారా?

మీకు పనికొచ్చే అసలు వాదం ఇందులోనే ఉంది. ఈ రంగంలో అందరికన్నా సానుభూతి ఉన్న పరిశోధకులు అందరికన్నా గట్టిగా చూపే ఫలితాలు ఎంత? గాంజ్‌ఫెల్డ్ అనే పద్ధతిలో కళ్ల మీద సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతులు పెట్టి, ఎర్ర దీపం వెలిగించి, చెవుల్లో వానలాంటి హోరు వినిపిస్తారు. వేరే గదిలో ఉన్న బొమ్మ నాలుగింట్లో ఏదో చెప్పమంటారు. ఊహిస్తే 25 శాతం. వాళ్లు చెప్పేది సుమారు 32 శాతం. అదీ 1999లో మిల్టన్, వైజ్‌మన్ కొత్త ప్రయోగాలు ముప్ఫై కలిపి చూస్తే నిలవలేదు. ఇప్పటికీ తగవు తెగలేదు. 2011లో కార్నెల్ ప్రొఫెసర్ డారిల్ బెమ్ భవిష్యత్తు ముందే తెలుస్తుందంటూ తొమ్మిది ప్రయోగాలు ప్రచురించాడు. అందులో బాగా పేరుపడిన ప్రయోగం ఫలితం 50కి బదులు 53.1 శాతం. మరుసటి ఏడాదే వేరే బృందాలు ఆ తొమ్మిదిలో జ్ఞాపకశక్తికి సంబంధించినవి మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఇన్ని దశాబ్దాల్లో ఇంతమంది పెద్దవాళ్లు, ఇన్ని ప్రయోగశాలలు నూటికి మూడు, ఏడు అంటూ పీకులాడుతుంటే, రెండు రోజుల శిబిరంలో హాల్ నిండా పిల్లలు నూటికి నూరు సాధించారంటే ఆ పరిశోధకులే నవ్వుతారు. శక్తిని నమ్మేవాళ్ల లెక్క ప్రకారమే ఇది కుదరదు.

‘మిడ్ బ్రెయిన్’ గురించి రెండు ముక్కలు. మధ్య మెదడు నిద్రపోతున్న అవయవం కాదు, దాన్ని ఎవరూ లేపక్కర్లేదు. కంటి కదలికలు, కనుపాప ముడుచుకోవడం, చప్పుడు వచ్చిన వైపు తల తిరగడం, శరీర కదలికలకు కావలసిన డోపమిన్ తయారీ, మెలకువ, ఇవన్నీ దాని పని. అది ‘యాక్టివేట్’ కాకుండా ఉంటే మీ బాబు శిబిరానికి నడిచి వెళ్లేవాడు కాదు, కోమాలో ఉండేవాడు.

సరే, పరీక్ష. చాటతో మీకు తెలిసిపోతుంది. కానీ మీ ఇంట్లో నమ్మినవాళ్లూ నమ్మనివాళ్లూ ఉన్నారు కాబట్టి అందరూ ఒప్పుకునేలా ఒకసారి లెక్కగా చేయడం మంచిది. ఆదివారం ఉదయం గంట చాలు.

కావలసినవి: పిల్లల సైజు ఈత కళ్లద్దాలు (పెద్దవాళ్లవి పిల్లల మొహానికి సరిగ్గా ఆనవు), నల్ల ఇన్సులేషన్ టేపు, దూది, మైక్రోపోర్ టేపు, ఒకే రకం గ్లేజు కాగితాలు అయిదు రంగుల్లో, లోపలి రంగు కనబడే ఒకేలాంటి ప్లాస్టిక్ కవర్లు అయిదు, లూడో పాచిక, రెండు నోటుపుస్తకాలు. కళ్లద్దాల బయటివైపు రెండు పొరలు నల్ల టేపు అంటించి, ఫోను టార్చి ముందు పెట్టి చూడండి, సూదిమొనంత వెలుతురు వచ్చినా ఇంకో పొర వేయండి. బాబుకు పెట్టాక ముక్కు పక్కన పల్లాల్లో దూది ఉంచి మైక్రోపోర్‌తో అంటించండి. కనురెప్పల మీద ఏ టేపూ వద్దు. పది నిమిషాలకు ఒకసారి తీసి విశ్రాంతి ఇవ్వండి. రంగుపెన్సిళ్లు, క్రేయాన్లు వాడకండి, వేలికి గరుకు తెలుస్తుంది. స్కెచ్ పెన్ సిరాకు వాసన ఉంటుంది. అందుకే కాగితాలు కవర్లలో పెట్టమన్నది.

పక్క గదిలో మీ బావమరిది కూర్చుని పాచిక వేయాలి. 1 నుంచి 5 వరకూ అయిదు రంగులు. 6 పడితే మళ్లీ వేయాలి. ఏ రంగు వచ్చిందో తన పుస్తకంలో రాసి, ఆ రంగు కవరును మూసిన ఫైలులో పెట్టి గుమ్మం దగ్గర ఉంచాలి. దాన్ని తెచ్చేవాళ్లు, బాబు ముందు కూర్చునేవాళ్లు ఆ రంగు చూడకూడదు. గోడవైపు తిరిగి ఉండాలి. ఇదేదో అతిశయం అనుకోకండి. బెర్లిన్‌లో 1904లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని ప్రొఫెసర్లు సైతం నమ్మారు. డెక్కతో నేలను తడుతూ జవాబు చెప్పేది. 1907కల్లా ఆస్కర్ ఫుంగ్స్ట్ తేల్చిందేమిటంటే, జవాబు తెలిసిన మనిషి తల కదలికలో వచ్చే వెంట్రుకవాసి మార్పు చూసి అది తట్టడం ఆపేది. జవాబు తెలిసినవాళ్లు ఎదురుగా లేకపోతే గుర్రానికి లెక్కలు రాలేదు. గుర్రానికి అందినది మీ పిల్లాడికి అందదా?

మొత్తం 20 ప్రయత్నాలు. ఆ సంఖ్య ముందే కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి. ‘ఇవాళ బాగా రావట్లేదు, రేపు చేద్దాం’ అని మధ్యలో ఆపి, బాగా వచ్చిన రోజు లెక్కే ఉంచుకుంటే ఎవరికైనా శక్తి ఉన్నట్టు తేలుతుంది. ప్రతి జవాబు తర్వాత ‘రైట్’, ‘తప్పు’ అని చెప్పకండి. చెబితే మిగిలినవి లెక్కపెట్టుకునే వీలుంటుంది. రైన్ కార్డుల కట్టలో ఒక్కో బొమ్మ సరిగ్గా అయిదే ఉంటుందని తెలిసి, ప్రతిసారీ కార్డు చూపిస్తే, ఏ శక్తీ లేకుండానే తెలివైనవాడి సగటు 5 నుంచి ఎనిమిదిన్నర దాటుతుంది. పాచిక వేసినప్పుడు ఈ లెక్క పనికిరాదు, ప్రతిసారీ అయిదు రంగులకూ సమాన అవకాశమే. అయినా జవాబు మాత్రం చివరిదాకా చెప్పొద్దు, మీ మొహం మారితే వాడు చదువుతాడు.

ముందు వాళ్లిచ్చిన గంతలతో 20 చేయించండి, ఫైలు వాడికే ఇచ్చి కవరు వాణ్నే తీసుకోమంటే చాలు. తర్వాత కళ్లద్దాలతో 20. ఊరికే ఊహిస్తే ఇరవైకి 4 వస్తాయి. 7 వచ్చినా పొంగిపోకండి. ఇలా పన్నెండు ఇళ్లలో చేస్తే ఒక ఇంట్లో 7 లేదా ఎక్కువ వస్తుంది, ఏ శక్తీ లేకుండానే. 9 లేదా ఎక్కువ రావడం నూటికి ఒకసారి. 10 లేదా ఎక్కువ వస్తే వెయ్యిలో మూడుసార్లు కూడా జరగనిది జరిగిందని అర్థం, అప్పుడు సందు ఎక్కడుందో వెతికి, మూసి, మళ్లీ 20 చేయండి. వాళ్ల గంతలతో 19, కళ్లద్దాలతో 3 లేదా 4 వచ్చిందనుకోండి, ఇక ఎవరూ ఎవరికీ వివరించక్కర్లేదు. అలాగే వస్తుందని నా అంచనా.

శిక్షకుడికి ఈ పరీక్ష సంగతి చెబితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. కళ్లద్దాలు నరాలను నొక్కుతాయి కాబట్టి శక్తి ప్రసరించదు అంటాడు. అయితే చాట ఏ నరాన్ని నొక్కింది? రెండోది, అనుమానించేవాళ్ల ‘నెగెటివ్ వైబ్రేషన్’. ఇది కూడా పాతదే. 1940ల్లో గెర్‌ట్రూడ్ ష్మైడ్లర్ నమ్మేవాళ్లను గొర్రెలు, నమ్మనివాళ్లను మేకలు అని విడదీసి, గొర్రెలకు కాస్త ఎక్కువ వస్తాయని చెప్పింది. కానీ అక్కడ నమ్మకం ఊహించేవాళ్లది. మీ బాబు తనను తాను నమ్ముతున్నాడు కదా, పక్క గదిలో బావమరిది నమ్మకపోతే వీడికేం? పరీక్షకు ముందే ఆయన్ను పిలిచి ‘ఈ షరతులు మీకు సమ్మతమేనా’ అని రాయించుకుంటే ఈ సాకులు పుట్టవు. అమెరికాలో జేమ్స్ రాండీ అనే గారడీవాడు అతీంద్రియ శక్తి నిరూపించినవాళ్లకు పది లక్షల డాలర్ల బహుమతి 2015 దాకా నిలిపి ఉంచింది ఇలాగే, షరతులకు ముందే రెండు పక్షాల సంతకం. ఎవరూ తొలి మెట్టు కూడా దాటలేదు. శ్రీలంకలో అబ్రహాం కోవూర్, తర్వాత ఇక్కడ ప్రేమానంద్ అనే హేతువాదులు ఇలాగే లక్ష రూపాయల సవాలు విసిరారు, ఆ లక్షా అలాగే ఉండిపోయింది. మంగళూరుకు చెందిన హేతువాది నరేంద్ర నాయక్ ఈ మిడ్ బ్రెయిన్ శిబిరాల గుట్టునే ఏళ్లుగా విప్పుతున్నారు. మన రాష్ట్రాల్లో సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లను పిలిస్తే వచ్చి మీ ముందే గంతలు కట్టుకుని చదివి చూపిస్తారు, అది ఎలా చేశారో కూడా చెబుతారు.

బాబు గురించి. పరీక్ష చుట్టాల ముందు పెట్టకండి. వాడు అబద్ధాలకోరు కాడు. శిబిరంలో వాడికి గంతలు కట్టి ‘ఏదో ఒకటి కనబడుతుంది, నమ్మకంతో చూడు’ అన్నారు. ముక్కు పక్కనుంచి నిజంగానే రంగు కనబడింది. చెప్పాడు. చప్పట్లు కొట్టారు. పక్క పిల్లలు చెబుతున్నారు, అమ్మానాన్నలు డబ్బు కట్టి వెనక కూర్చుని చూస్తున్నారు. ఆ హాల్లో ‘నాకు కిందనుంచి కనబడుతోంది సార్’ అని లేచి చెప్పగల పిల్లాడు ఎక్కడుంటాడు? కొందరికి తాము తొంగిచూస్తున్నామన్న స్పృహ కూడా ఉండదు, వెలుగు వచ్చింది, అదే మూడో కన్ను అనుకుంటారు. ఇప్పుడు ఆ చప్పట్లను వాడు రోజూ మోస్తున్నాడు. దించుకునే దారి చూపించండి. ‘నేను కూడా కట్టుకుని చూశానురా, నాకూ కిందనుంచి కనబడింది. భలే కిటుకు’ అని మీరే ముందు చెప్పండి. చాలామంది పిల్లలు ఆ మాటకే ఊపిరి పీల్చుకుంటారు. ఇష్టమైతే ఇదే గారడీగా స్కూలు వార్షికోత్సవంలో చేయనివ్వండి, ఇది గారడీ అని చెప్పి. సైకిలు తొక్కడం, మేడ మెట్లు దిగడం లాంటివి గంతలతో చేయనివ్వకండి. సందులోంచి కాళ్ల దగ్గర నేల కనబడుతుంది, ఎదురుగా వచ్చే ఆటో కనబడదు.

ముప్ఫై అయిదు వేలు కట్టకండి. కట్టిన 18 వేల రసీదు, కరపత్రం, వాట్సాప్ మెసేజీలు, పరీక్ష వీడియో ఒకచోట పెట్టుకోండి. ముందు వాళ్లకు రాతపూర్వకంగా, పదిహేను రోజుల గడువుతో డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన మీద ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కరపత్రంలో ‘మూర్ఛ నయమవుతుంది’, ‘అంధత్వం పోతుంది’ లాంటి మాట ఉంటే అది 1954 నాటి మంత్రతంత్ర చికిత్సల ప్రకటనల చట్టం కిందికీ వస్తుంది. ‘కళ్లజోడు అక్కర్లేదు’ అన్నారని జోడు తీయించి ఉంటే మాత్రం ఫిర్యాదు కన్నా ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గొలుసు మంచం కిందా, బియ్యం డబ్బాలో, కట్టి విప్పిన పట్టుచీర మడతల్లో మరోసారి వెతకండి. లేకపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.